మూడో ప్లగ్గు

విశాఖలో చలేమిటని నవ్వకండి.
జ్ఞానాపురంలో పల్చటి దుప్పటి చాలు, నిజమే.
కానీ ఆ రాత్రి నా బండి అరకులో పడుకుంది,
గడ్డి మీద ఎవరో ఉప్పు చల్లినట్టున్న చోట.

తెల్లారి అయిదుకి తాళం తిప్పితే
దగ్గింది.
ఆగింది.
మళ్ళీ దగ్గింది.
వెనక గొట్టంలోంచి తెల్లపొగ,
కాలని డీజిలు పచ్చివాసన.
కలకత్తా నుంచొచ్చిన వాళ్ళు అదీ మంచేననుకుని
ఫొటో తీసుకున్నారు.

పదకొండోసారికి, బ్యాటరీ చచ్చేలోపు, అంటుకుంది.
డ్యాష్‌బోర్డు మీద ఇంజిను బొమ్మ పసుప్పచ్చగా వెలిగి
అనంతగిరి దిగినా ఆరలేదు, శృంగవరపుకోట దాటినా ఆరలేదు.
దాని మీద అమ్మవారి స్టిక్కరు అంటించాను.
మా స్టాండులో సగం బళ్ళకి అదే వైద్యం.

కంచరపాలెం రైలుకట్ట పక్కన దాలయ్య షెడ్డు.
అతను బానెట్ ఎత్తలేదు, ముందు స్టిక్కరు పీకాడు.
కళ్ళకద్దుకుని జేబులో పెట్టుకున్నాడు.
"సలి తప్పేటీ నేదు బాబూ.
సలి ఒక ప్రశ్న అడిగింది, అంతే."

పెట్రోలు బండికి నిప్పురవ్వ ఉంటుంది, దీనికి లేదు.
గాలిని నొక్కి, నొక్కి, ఆ వేడిలోకి
డీజిలు చిమ్ముకుని బతుకుతుంది.
ఇనుము చల్లబడి ఆ వేడిని మింగేస్తే
ఎవరో ఒకరు ముందే లోపల కూర్చుని ఎర్రబడాలి.
నాలుగు గదులకి నాలుగు గ్లో ప్లగ్గులు.
దాలయ్య మీటరు పెట్టాడు.
ఒకటి, ఉంది.
రెండు, ఉంది.
మూడోదానికి ముల్లు కదల్లేదు.
నాలుగోది ఉందంటే ఉంది.

తర్వాత ఈజీఆర్ వాల్వు విప్పాడు.
హార్బరు రాళ్ళకి గుల్లలు పట్టినట్టు మసి.
మూసుకోవడం మరిచిపోయి, వదిలిన పొగనే
మళ్ళీ పీల్చుకుంటూ ఉంది, ఎన్నాళ్ళనుంచో.
పైడిరాజు గీకుతుంటే పెచ్చులు పెచ్చులుగా రాలింది,
వాడి ముక్కుపుటాలు కూడా నల్లబడ్డాయి.

"ఏటి తోల్తావు రోజూ?"
స్టేషను నుంచి బీచి. బీచి నుంచి కైలాసగిరి.
హోటలు ముందు ఏసీ వేసి గంట.
"అదీ సంగతి. దాని ఒళ్ళు ఎప్పుడు కాగనిచ్చావు?
ఫిల్టరు తన మసి తాను కాల్చుకోవాలంటే
పరుగుండాలి కదేటి."

నేను చెప్పనిది ఒకటుంది.
మద్దిలపాలెంలో పొల్యూషన్ వ్యాను కుర్రాడు
గొట్టంలో పుల్ల పెట్టి, అంకె చూసి, నన్ను చూశాడు.
మూడొందలు ఎక్కువిచ్చాను.
కాగితం మీద నా బండి పసిపాపలా ఊపిరి పీల్చింది.

ఇంటి దగ్గర నూకాలు
పోర్టు బొగ్గు పొడిని కిటికీ మీంచి తుడుస్తూ
రోజుకోసారి అడుగుతుంది,
"దీనికెవరిస్తారయ్యా సర్టిఫికెట్టు?"

ప్లగ్గులు నాలుగూ కొత్తవి. బిల్లు చెప్పను.
"ఆనందపురం దాటి తోలు. నాలుగో గేరు.
ముల్లు రెండున్నర వేల కిందకి దిగకూడదు. అరగంట.
బేరం ఎక్కించకు."

ఆ రాత్రి నూకాల్ని ఎక్కించాను.
పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో
ముందు సీట్లో, మీటరు లేకుండా, ఇదే మొదలు.
ఎక్కడికంటే చెప్పలేకపోయాను.
మసి కాల్చడానికంటే నవ్వుతుందని.
తగరపువలస వంతెన మీద వేడి ఇనుము వాసనొచ్చింది.
ఇంజిను గొంతు మారింది,
గళ్ళ ఊసేశాక మాట వచ్చినట్టు.
భోగాపురం దగ్గరేమో, నేను రోడ్డు చూస్తున్నాను,
తనే అంది, "ఆరింది."

తిరిగొచ్చేసరికి ఒంటిగంట.
తలుపు తీసి, లైటు వెయ్యకుండానే,
నూకాలు కిటికీ చెక్క మీద వేలు రాసి చూసింది.
ఏమీ అనలేదు.
గుడ్డ వెతుక్కుంది.